తమ్ముడి ఓవర్‌క్లాకింగ్, నా పెళ్లి వీడియోలు: ఇప్పుడు ఏ ప్రాసెసర్ కొనాలి?

తిరుపతి కొర్లగుంట నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. సారాంశం ఇదీ.

ఆమెకు 29 ఏళ్లు. నాన్న లేరు. ఇంట్లో అమ్మ, ఇంజనీరింగ్ మూడో ఏడు చదివే తమ్ముడు, తను. రెండు స్టూడియోల వాళ్లు తెచ్చిచ్చే పెళ్లి వీడియోలను ఇంట్లోనే ప్రీమియర్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ చేసి ఇస్తారు. ఇల్లు గడిచేది చాలావరకు ఆ డబ్బుతోనే. కంప్యూటర్ మిద్దెమీద రేకుల గదిలో, దేవుడి పటాల పక్కన ఉంటుంది. రెండేళ్ల కింద తమ్ముడే సెకండ్ హ్యాండ్ భాగాలు ఒక్కొక్కటీ పోగుచేసి బిగించాడు: ఏఎండీ కంపెనీ రైజెన్ 5 3600 ప్రాసెసర్, దాంతోపాటు వచ్చిన చిన్న కూలర్, బి450 మదర్‌బోర్డు, 32 జీబీ డీడీఆర్4 ర్యామ్, జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు, 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (భాగాలకు కరెంటు అందించే పెట్టె). పగలు అక్క పని, రాత్రి తమ్ముడి ఆటలు.

పోయిన డిసెంబరులో తమ్ముడు బయోస్ అనే కంప్యూటర్ మూల సెట్టింగుల్లోకి వెళ్లి ప్రాసెసర్ వేగాన్ని 4.2 గిగాహెర్ట్జ్ దగ్గర, వోల్టేజీని 1.4 వోల్టుల దగ్గర కట్టేశాడు. కంపెనీ పెట్టిన వేగాన్ని ఇలా చేత్తో పెంచడాన్నే ఓవర్‌క్లాకింగ్ అంటారు. "ఫ్రీగా స్పీడ్ వస్తుందక్కా" అన్నాడు. చలికాలమంతా బాగానే నడిచింది. ఏప్రిల్ ముహూర్తాల్లో ఒక తిరుచానూరు పెళ్లి వీడియో ఎక్స్‌పోర్ట్ (ఎడిట్ చేసినదాన్ని తుది ఫైలుగా మార్చడం) అవుతుండగా మూడుసార్లు మధ్యలోనే పోయింది. రిసెప్షన్‌లో తెర మీద వేయాల్సిన వీడియో టైముకు అందలేదు. స్టూడియో ఆయన 8 వేలు ఆపేశాడు. ఆ కోపంలో ఆమె తమ్ముణ్ణి వాడి స్నేహితుల ఎదుటే "నీ ఆటల కోసం నా పొట్ట కొట్టినావు కదరా" అనేశారు. "నేను బిగించకుంటే నీకు కంప్యూటరే లేదు" అన్నాడు వాడు. ఆ రోజు నుంచి మాటల్లేవు. అన్నం కూడా ఎవరి టైముకు వాళ్లు తింటున్నారు.

ఇప్పుడు చీటీ డబ్బు 65 వేలు చేతికొచ్చింది. చెన్నై రిచీ స్ట్రీట్‌లో సెకండ్ హ్యాండ్ ఇంటెల్ ఐ7-13700కె ప్రాసెసర్, జెడ్790 బోర్డు, లిక్విడ్ కూలర్ కొని ఓవర్‌క్లాక్ చేస్తే ఐ9 కూడా దాని ముందు దిగదుడుపేనని తమ్ముడు అమ్మతో చెప్పి పంపాడు. ఊళ్లో షాపాయన కొత్త ఐ9 తీసుకుంటే ఐదేళ్లు చూసుకోనక్కర్లేదంటున్నాడు. అమ్మేమో ఆ డబ్బుతో కమ్మలు చేయించుకోమంటోంది. ఈ ఏడాది కెమెరావాళ్లు కొత్త కెమెరాలకు మారాక 4కె ఫుటేజీ టైమ్‌లైన్ (క్లిప్పులను వరుసగా పేర్చి కోసే పట్టీ) మీద కదలనే కదలడం లేదు. "తప్పు ఓవర్‌క్లాకింగ్‌దేనా? ఏ ప్రాసెసర్ కొనాలి? వాడితో ఎట్లా మాట్లాడాలి?" అని అడుగుతున్నారు.

సమాధానం

ముందు నేరం ఎవరిదో చూద్దాం. మీ ఉత్తరంలో ప్రాసెసర్ కంటే ఎక్కువ చోటు దానికే పోయింది.

"మూడుసార్లు ఆగిపోయింది" అని ఒకే మాటలో రాశారు గానీ, మీ వివరాలే చూస్తే మూడూ ఒకటి కావు. రెండుసార్లు నీలం తెర వచ్చి కంప్యూటర్ దానంతటదే రీస్టార్ట్ అయింది. ఒకసారి మాత్రం స్విచ్ కట్టేసినట్టు టక్కున ఆరిపోయింది. ఆ పూటే వీధిలో కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి మారిందని అమ్మ అన్నట్టు కూడా రాశారు. ఇళ్లలో పెట్టే ఇన్వర్టర్లు చాలావాటికి యూపీఎస్ మోడ్, మామూలు మోడ్ అని ఒక స్విచ్ ఉంటుంది. మామూలు మోడ్‌లో కరెంటు నుంచి బ్యాటరీకి మారడానికి కాస్త ఎక్కువ సమయం పడుతుంది. ఫ్యాను, లైటు ఆ క్షణాన్ని పట్టించుకోవు గానీ కంప్యూటర్ తట్టుకోలేదు, అందులోనూ ఎక్స్‌పోర్ట్ మధ్యలో పూర్తి కరెంటు లాగుతున్నప్పుడు. ఒకసారి వెళ్లి ఆ స్విచ్ ఎటువైపు ఉందో చూడండి. ఈ మూడో నేరం మీ తమ్ముడిది కాకపోవచ్చు.

మిగతా రెండింటికీ సాక్ష్యం మీ కంప్యూటర్‌లోనే ఉంది. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్ కింద సిస్టమ్‌లో ఆ తేదీకి వెళ్లండి. కెర్నల్-పవర్ 41 అని కనబడితే అది "సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయింది" అని మాత్రమే చెబుతుంది, ఎందుకో చెప్పదు. ఆ దగ్గర్లోనే డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్ పేరుతో ప్రాసెసర్ గురించిన ఎర్రర్లు ఉంటే, అప్పుడు ఓవర్‌క్లాకింగ్ మీద అనుమానం బలపడుతుంది. తర్వాత బయోస్‌ను డిఫాల్ట్‌కు మార్చి, అదే ప్రాజెక్టును అదే మధ్యాహ్నపు ఎండలో ఎక్స్‌పోర్ట్ చేయండి. సాఫీగా పూర్తయితే సంగతి తేలినట్టే. మళ్లీ పడిపోతే దుమ్ము, ఎండిపోయిన థర్మల్ పేస్టు, వయసైన ఎస్‌ఎంపీఎస్, ర్యామ్ వరుసగా చూడాలి.

నా అంచనా అడిగితే, ఆ రెండింటిలో ఓవర్‌క్లాకింగ్ పాలు ఎక్కువే.

"నా గేములు ఎప్పుడూ ఆగలేదు కదా" అని మీ తమ్ముడు అంటున్నాడు. అది నిజమే, కానీ రుజువు కాదు. ఆట ఆడేటప్పుడు సాధారణంగా ప్రాసెసర్ లోపల పనిచేసే ఆరు భాగాలు, అంటే ఆరు కోర్లూ ఒకేసారి పూర్తిగా అలసిపోవు, భారం ఎక్కువగా గ్రాఫిక్స్ కార్డు మీద ఉంటుంది. 4కె వీడియో ఎక్స్‌పోర్ట్ అలా కాదు. అన్ని కోర్లూ ముప్పావు గంట ఊపిరి తీయకుండా పనిచేయాలి. డిసెంబరు రాత్రి పదినిమిషాల సినీబెంచ్ అనే వేగ పరీక్ష దాటిన సెట్టింగు, ఏప్రిల్ మధ్యాహ్నం రేకుల కింద ముప్పావు గంట నిలబడుతుందన్న గ్యారంటీ లేదు. కూలర్ గాలిదైనా నీళ్లదైనా చిప్ వేడిని గదిలోకి తోయగలదు గానీ, గది వేడి కంటే కిందికి దించలేదు. గది పది డిగ్రీలు పెరిగితే చిప్ కూడా దాదాపు అంతే పెరుగుతుంది. తిరుపతిలో ఏప్రిల్, మే నెలల్లో బయటే 40 దాటుతుంది. రేకుల గది సంగతి మీకు నేను చెప్పాలా!

ఆ "ఫ్రీ స్పీడ్" ఎంతో కూడా లెక్క వేద్దాం. మీ 3600ను ముట్టుకోకుండా వదిలేస్తే, అన్ని కోర్లూ పనిచేసేటప్పుడు కూడా అది దానంతటదే 4 గిగాహెర్ట్జ్ దరిదాపుల్లో నడుస్తుంది. 4.2కి కట్టేస్తే లాభం ఐదు శాతం. అంటే 40 నిమిషాల ఎక్స్‌పోర్ట్ 38 నిమిషాల్లో అవుతుంది. అదీ పనంతా ప్రాసెసర్ మీదే ఆధారపడితే. మరి ఖర్చు? చిప్‌లో ఖర్చయ్యే కరెంటు వేగాన్ని బట్టి నేరుగా పెరుగుతుంది, వోల్టేజీని బట్టి వర్గంగా పెరుగుతుంది. వేగం 5 శాతం, వోల్టేజీ 10 శాతం పెంచారనుకోండి: 1.05ను 1.1తో రెండుసార్లు గుణిస్తే 1.27. రెండు నిమిషాల కోసం 27 శాతం ఎక్కువ వేడి. దాన్ని దించాల్సింది ఆ చిన్న అల్యూమినియం కూలర్. పైగా ఆ తరం చిప్‌కు అన్ని కోర్లూ గంటల తరబడి పనిచేసేటప్పుడు కదలకుండా 1.4 వోల్టులంటే ఎక్కువ. ఒక్కరోజులో కాలిపోదు. నెలలు గడిచేకొద్దీ, ఇదివరకు నిలబడ్డ వేగానికే నిలబడలేకపోతుంది.

ఇంకో ఇబ్బంది ఉంది. ఈ కాలపు ప్రాసెసర్ సెకనుకు ఎన్నోసార్లు తన వేడిని, పనిభారాన్ని చూసుకుని వేగం, వోల్టేజీ మార్చుకుంటుంది. అలిపిరి నుంచి కొండెక్కే బస్సు డ్రైవర్ ప్రతి మలుపుకూ గేరు మార్చినట్టన్నమాట. చేత్తో ఒకే అంకె దగ్గర కట్టేయడమంటే, ఆ డ్రైవర్‌ని ఒకే గేరులో తిరుమల దాకా పొమ్మన్నట్టు.

మీ తమ్ముణ్ణి పిచ్చోడనుకోకండి. ఈ సరదా వెనక చరిత్ర ఉంది. 1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఎ అనే చవక చిప్ అమ్మింది. 300 మెగాహెర్ట్జ్ చిప్‌ను, దానికీ మదర్‌బోర్డుకూ మధ్య ఉండే దారి (బస్) వేగం 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కు మార్చి చాలామంది 450 దగ్గర నడిపారు. యాభై శాతం లాభం, నిజంగానే ఉచితం. ఆ కాలంలో కంపెనీలు చిప్‌లో బోలెడంత వెసులుబాటు మిగిల్చి అమ్మేవి. ఇప్పుడా మిగులును టర్బో, బూస్ట్ అనే పేర్లతో వాళ్లే పిండుకుని మనకు అమ్ముతున్నారు. ఓవర్‌క్లాకింగ్ చేసేవాళ్లకు అడుగున నాలుగైదు శాతమే మిగిలింది. సరదాకైతే నిక్షేపంగా చేసుకోవచ్చు. ముహూర్తాల రోజుల్లో కూలి తెచ్చే మిషన్ మీద చేయడం మాత్రం వేరే లెక్క.

మీరు పంపిన టాస్క్ మేనేజర్ ఫొటోలో ఒక చిత్రం కనబడింది. మెమరీ స్పీడ్ 2400 అని ఉంది. మీ ర్యామ్ కర్రల మీద 3200 అని రాసి ఉందని మీరే చెప్పారు. అంటే ప్రాసెసర్‌ను తంటాలు పడి ఐదు శాతం లాగిన మనిషి, ర్యామ్‌ను దాని అసలు వేగానికి తేవడం మరిచిపోయాడు! బయోస్‌లో ఎక్స్‌ఎంపీ అనే ప్రొఫైల్ ఆన్ చేస్తే చాలు. కచ్చితంగా చెప్పాలంటే అదీ ఒకరకం ఓవర్‌క్లాకింగే, కానీ ర్యామ్ కంపెనీ పరీక్షించి రాసిచ్చిన అంకె. దీన్ని వాడిచేతే చేయించండి. ఎందుకో తర్వాత చెబుతాను.

ఇక అసలు నొప్పి. మీరు ఎక్స్‌పోర్ట్ గురించి రాసింది నాలుగు లైన్లు, టైమ్‌లైన్ కదలకపోవడం గురించి రాసింది రెండే లైన్లు. నా దృష్టిలో మీ సమయం పోతున్నది రెండోచోట. ఎక్స్‌పోర్ట్ పెట్టేసి మీరు వంట చేసుకోవచ్చు. తాళికట్టే షాట్ ఎక్కడ కోయాలో చూసుకుంటుంటే బొమ్మ ఎగిరెగిరి పడితే, రోజంతా అక్కడే పోతుంది.

కొత్త కెమెరాల ఫుటేజీ హెచ్.265, 10 బిట్, 4:2:2 అని రాశారు. హెచ్.265 అంటే వీడియోను చిన్నగా మూటకట్టే పద్ధతి. 10 బిట్, 4:2:2 అంటే రంగుల వివరం ఎక్కువగా నిల్వచేసే తీరు. పట్టుచీర రంగు దిద్దేటప్పుడు హాయిగా ఉంటుంది. చిక్కేమిటంటే, మూటకట్టిన ఆ వీడియోను విప్పడానికి ప్రత్యేకమైన సర్క్యూట్ కావాలి. మీ 3600లో అసలు గ్రాఫిక్స్ భాగమే లేదు. మీ జీటీఎక్స్ 1650లో వీడియో విప్పే సర్క్యూట్ ఉంది గానీ 4:2:2 దానికి రాదు. అందుకే ఆ భారమంతా ప్రాసెసర్ కోర్ల మీద పడుతోంది. నమ్మకం లేకపోతే టైమ్‌లైన్ ప్లే చేస్తూ టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ పేజీ తెరవండి. సీపీయూ (ప్రాసెసర్) గీత పైకి అంటుకుపోయి, జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) కింద వీడియో డీకోడ్ అనే గీత నేలమీదే పడి ఉంటే అదే రోగం. 4.2 కాదు, 4.4కి లాగినా అది పోదు.

మీ ముందున్న దారులు చూద్దాం. ధరలు వారానికోలా ఉంటున్నాయి కాబట్టి అంకెలకు షాపులో కొటేషన్ తీసుకోండి. నేను బరువు మాత్రమే చెబుతాను.

మొదటిది, దాదాపు ఏమీ కొనకపోవడం. బయోస్ డిఫాల్ట్, ర్యామ్‌కి ఎక్స్‌ఎంపీ, కూలర్ విప్పి శుభ్రం చేసి కొత్త పేస్టు. దేవుడి పటాల పక్కన పెట్టారు కాబట్టి ఆ కూలర్ రెక్కల మధ్య మామూలు దుమ్ము ఉండదు. అగరుబత్తి, కర్పూరం పొగకు దుమ్ము అంటుకుని జిగురు పొరలా పట్టి ఉంటుంది. గాలి కొడితే పోదు, బ్రష్షుతో గీకాలి. వీలైతే కంప్యూటర్‌ను కింది గదిలోకి దించండి, ఒక్క రూపాయి పెట్టకుండా వచ్చే పెద్ద కూలింగ్ అదే. టైమ్‌లైన్ కోసం ప్రాక్సీలు వాడండి. ఫుటేజీ రాగానే ప్రీమియర్‌లో చిన్న సైజు నకళ్లు తయారుచేయమని రాత్రి వదిలేస్తే, పగలు వాటితో హాయిగా ఎడిట్ చేసుకోవచ్చు. ఎక్స్‌పోర్ట్‌లో అసలు ఫైళ్లే వాడుకుంటుంది. నష్టం: హార్డ్‌డిస్కులో అదనపు చోటు కావాలి, పొద్దున ఇచ్చి సాయంత్రానికి అడిగే హైలైట్ వీడియోలకు రాత్రంతా ప్రాక్సీలు చేసే తీరిక ఉండదు. అయినా ఈ పద్ధతిలో ఒక పెళ్లి చేసి చూశాకే డబ్బు తీయండి. దీంతోనే సరిపోతే అమ్మ చెప్పిన కమ్మల మాట అంత తీసిపారేయాల్సిందేమీ కాదు.

రెండోది, అదే బోర్డులో ప్రాసెసర్ మాత్రం మార్చడం. బి450 బోర్డులు చాలావాటికి బయోస్ అప్‌డేట్ చేస్తే రైజెన్ 5000 వరుస చిప్‌లు పడతాయి. ఎనిమిది కోర్ల రైజెన్ 7 5700ఎక్స్ మీ పనికి తగినది, 65 వాట్ల చిప్పే. పెట్టెలో కూలర్ రాదు, విడిగా ఒక మంచి టవర్ కూలర్ కొనాలి. 3600 బోర్డులో ఉండగానే బయోస్ అప్‌డేట్ చేయాలి, ఆ కాసేపు కరెంటు పోకూడదు. తక్కువ ఖర్చులో ఎక్స్‌పోర్ట్ బాగా పుంజుకుంటుంది. కానీ 4:2:2 విప్పే సర్క్యూట్ దీంట్లోనూ లేదు. ఎనిమిది కోర్ల కండబలంతో నెట్టుకొస్తుందంతే.

మూడోది, ఇంటెల్ వైపు పోవడం, కానీ తమ్ముడు చెప్పిన చిప్‌తో కాదు. ఇంటెల్ 11వ తరం నుంచి డెస్క్‌టాప్ చిప్‌లలోని గ్రాఫిక్స్ భాగానికి హెచ్.265 4:2:2 10 బిట్‌ను విప్పడం వచ్చు. 12, 13, 14 తరాల్లో ఐ5 తీసుకున్నా ఆ పని జరుగుతుంది. పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్నది మాత్రం కొనకండి. 12400ఎఫ్, 13400ఎఫ్ లాంటివాటిలో గ్రాఫిక్స్ భాగాన్ని మూసేసి ఉంటారు. షాపుల్లో "గ్రాఫిక్స్ కార్డు ఉంది కదా మేడమ్, ఎఫ్ చవక" అంటారు. గేములు ఆడేవాళ్లకు అది మంచి సలహా, మీకు మాత్రం కొంటున్న అసలు వస్తువునే వదులుకోవడం. 12500, 13500, 14500 దొరికితే ఇంకా మేలు. 12400, 13400, 14400లలో వీడియో విప్పే ఇంజిన్ ఒకటే ఉంటే వీటిలో రెండు ఉంటాయి. డీడీఆర్4 పట్టే బి660 లేదా బి760 బోర్డు తీసుకుంటే మీ పాత ర్యామ్ పనికొస్తుంది. మొత్తం మీ డబ్బులో సగానికి అటూ ఇటూగా తేలాలి. కె అక్షరం ఓవర్‌క్లాకింగ్‌కు వీలిచ్చే చిప్‌లకు ఉంటుంది. ఎఫ్, కె లేని చిప్, బి వరుస బోర్డు అంటే ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ కుదరదు. మీ పనికి అది లోపం కాదు, తాళం.

నాలుగోది, ప్రాసెసర్‌ను వదిలేసి గ్రాఫిక్స్ కార్డు మార్చడం. ఎన్విడియా ఆర్టీఎక్స్ 50 వరుస కార్డులు 4:2:2ను విప్పగలవు. తమ్ముడి ఆటలకూ పండగే. కానీ మీ 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ మార్చాలి, ప్రీమియర్ కొత్త వెర్షన్ ఉండాలి. ఎడిటింగు, ఆటలు మళ్లీ ఒకే పెట్టెలో ఉంటాయి. తగువు అక్కడి నుంచే కదా మొదలైంది.

తమ్ముడు చెప్పిన 13వ తరం చిప్ 13700కె సంగతి. చిప్‌గా మంచిదే, పదహారు కోర్లు, గ్రాఫిక్స్ భాగమూ ఉంది, 4:2:2 కూడా విప్పుతుంది. అంటే వాడి ఎంపికలో సగం సరైనదే, అది వాడితో చెప్పండి. మిగతా సగం దగ్గరే పేచీ. దాని గరిష్ఠ టర్బో కరెంటు 253 వాట్లు. మీ 3600 డిఫాల్ట్‌లో 88 దగ్గర ఆగుతుంది. ఓవర్‌క్లాక్ చేయకముందే దాదాపు మూడింతలు. బోర్డు, లిక్విడ్ కూలర్, కొత్త ఎస్‌ఎంపీఎస్ కలిపితే 65 వేలూ అక్కడే అయిపోతాయి. పైగా ఇంటెల్ 13, 14 తరాల పెద్ద డెస్క్‌టాప్ చిప్‌లలో వోల్టేజీ అదుపు తప్పి కొన్ని చిప్‌లు శాశ్వతంగా దెబ్బతిన్నాయి. 2024లో కంపెనీయే ఒప్పుకుని, మైక్రోకోడ్ (చిప్‌ను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) సవరణ ఇచ్చి, పెట్టెతో అమ్మిన చిప్‌లకు వారంటీ మరో రెండేళ్లు పొడిగించింది. ఆ సవరణ కొత్తగా దెబ్బతినకుండా కాపాడుతుంది గానీ అప్పటికే దెబ్బతిన్నదాన్ని బాగుచేయదు. సెకండ్ హ్యాండ్‌లో వచ్చే చిప్ అంతకుముందు ఎవరి దగ్గర ఏ వోల్టేజీలో నడిచిందో రిచీ స్ట్రీట్‌లో ఎవరూ రాసివ్వరు. వేరే చిప్ అయితే సెకండ్ హ్యాండ్‌కు నేను ఇంతగా అడ్డు చెప్పను.

నా మొగ్గు మూడోదానికి, మొదటిది చేసి చూశాక. కారణం వేగం ఒక్కటే కాదు. మూడో దారిలో వెళితే పాత 3600, బి450 బోర్డు ఖాళీ అవుతాయి. అవి తమ్ముడివి. ఎంతైనా లాక్కోనీ, ఎన్నిసార్లైనా పడిపోనీ, మీ పెళ్లిళ్లకు ఏమీ కాదు. ఇక్కడొక ముడి ఉంది, దాచను: 3600లో గ్రాఫిక్స్ లేదు కాబట్టి ఏదో ఒక కార్డు లేకుంటే వాడికి తెర మీద బొమ్మే రాదు. మీ 1650 వాడికిచ్చేస్తే ప్రీమియర్ ఎఫెక్టులు, కలర్ పని మీకు నెమ్మదిస్తాయి. మీ దగ్గరే ఉంచుకుంటే మిగిలిన డబ్బులో వాడికి ఒక పాత కార్డు, 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ కొనాలి. నేనైతే కార్డు మీ దగ్గరే ఉంచమంటాను. వాడి పెట్టెకు సగం మీరు, సగం వాడు వేసుకోండి. సెలవుల్లో నాలుగు కంప్యూటర్లు ఫార్మాట్ చేస్తే ఆ సగం వాడికి రాకపోదు.

ఇక తమ్ముడితో మాట. మీ కోపం న్యాయమైనదే. వాడు వేగం పెంచుతున్నానని చెప్పాడు, పడిపోయే ప్రమాదం ఉందని చెప్పలేదు. అది వాడు ఒప్పుకోవాల్సిన తప్పు. కానీ ఆ మాట స్నేహితుల ఎదుట అనడం వేరే సంగతి. ఇరవై ఏళ్ల కుర్రాడికి, అందులోనూ ఇంట్లో తనకు బాగా వచ్చిన ఒకే ఒక్క విద్య గురించి, అది పెద్ద దెబ్బ. రెండింటినీ ఒకే క్షమాపణలో కలపకండి. "నలుగురిలో అనుండకూడదు రా" అని దానికి మాత్రం చెప్పండి. వీడియో పోయిన బాధను వెనక్కి తీసుకోనక్కర్లేదు.

అమ్మతో రాయబారాలు మానేసి, ఈవెంట్ వ్యూయర్ దగ్గర వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోండి. "ఎవరి తప్పో తెలీదు, చూద్దాం రా" అంటే వస్తాడు, ఆ వయసు పిలకాయలకు కారణం కనిపెట్టడమంటే ఇష్టం. ఇన్వర్టర్ వల్ల ఒకసారి పోయిందని తేలితే వాడికి కాస్త ఊరట. ఓవర్‌క్లాక్ వల్ల రెండుసార్లు పోయిందని తేలితే, మీరు చెప్పకుండానే అది తెర మీద కనబడుతుంది. ర్యామ్ సంగతి వాడిచేతే చేయించమన్నది కూడా అందుకే. మీ మిషన్‌లో వేగం పెంచే పని ఇప్పటికీ వాడిదేనన్న మాట పోకూడదు. ఒక్క షరతు పెట్టండి: ముహూర్తాలున్న నెలల్లో మీ పెట్టె బయోస్‌లోకి ఎవరూ పోకూడదు. మౌనంగా వెళ్లి మీరే కొనుక్కొస్తే మిషన్ బాగుంటుంది, కానీ అది చెడిన రోజు వాడు పైకి రాడు. అంతా వాడికే వదిలేస్తే ఈసారీ వాడి సరదానే గెలుస్తుంది. కలిసి వెళితే కాస్త వాదన తప్పదు, దానికి సిద్ధపడే వెళ్లండి.

స్టూడియో ఆయన ఆపిన 8 వేలు మొత్తం నష్టపరిహారంగా ఒప్పుకున్నట్టు మౌనంగా ఉండకండి. ఆలస్యానికి కొంత తగ్గించుకోవచ్చు, చేసిన పనికి కూలి ఇవ్వకపోవడం వేరు. సీజన్ మొదలయ్యేలోపే అడగండి.

షాపాయన ఐ9 గురించి ఎక్కువ చెప్పను. ఐదేళ్లు చూసుకోనక్కర్లేదన్నది కెమెరావాళ్లు ఐదేళ్లు కెమెరా మార్చకపోతేనే నిజమవుతుంది. ఏ షాపుకెళ్లినా ఒక పెన్‌డ్రైవ్‌లో మీ కెమెరావాళ్లు తీసిన అసలు క్లిప్పులు నాలుగైదు, అన్ని కెమెరాలవీ వచ్చేలా తీసుకెళ్లండి. అదే 4:2:2 10 బిట్‌ను హెచ్.264 అనే పాత మూటకట్టే పద్ధతిలో తీసే కెమెరా ఒక్కటి వాటిలో ఉన్నా, 12 నుంచి 14 తరాల ఇంటెల్ చిప్ కూడా దాన్ని విప్పలేదు. అప్పుడు ఆ కెమెరామన్‌ను హెచ్.265కి మార్చమని అడగడమో, దాని వరకు ప్రాక్సీలు చేసుకోవడమో తప్పదు. మీరు కొనబోయే చిప్ ఉన్న డెమో మిషన్‌లో ఆ క్లిప్పులు ఆడించమనండి, వీడియో డీకోడ్ గీత లేస్తుందో లేదో మీ తమ్ముణ్ణి చూడమనండి. బిల్లు మీద చిప్ పేరు చివరి అక్షరంతో సహా రాయించుకుని, పెట్టె మీది సీరియల్ నంబరు సరిచూసుకున్నాకే డబ్బు కట్టండి.